ఏ లినక్స్ వేసుకోవాలి? వేశాక తంటా వస్తే ఏం చేయాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసింది. పాత మెషీన్‌ను పక్కన పడేయకుండా లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలనుకుంటున్న హైదరాబాద్ పాఠకుల ప్రశ్నలు కొన్ని ఈ సంచికలో తీసుకున్నాం. ఒక్క మాట: కమాండ్లను ఇక్కడ తెలుగులో రాశాం. టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, ఖాళీలు చెప్పిన చోటే ఉండాలి.

ప్రశ్న: మాది ఆరో తరం ఐ5 ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 11 ఎక్కదంటోంది. ఇంట్లో పిల్లల చదువు, యూట్యూబ్, బ్యాంకు పనులు, అంతే. ఒకరు ఉబుంటు అంటారు, ఒకరు మింట్ అంటారు, మా తమ్ముడేమో ఫెడోరా అంటున్నాడు. ఏది వేసుకోవాలి?
- గృహిణి, మల్కాజ్‌గిరి

జవాబు: లినక్స్ మింట్ 22, సినమన్ ఎడిషన్ వేసుకోండి. ఇది ఉబుంటు 24.04 పునాది మీద తయారైంది కాబట్టి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఫెడోరా కూడా మంచిదే. కాకపోతే ఆరు నెలలకో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు మద్దతు సుమారు 13 నెలలే. ఇంట్లో నలుగురూ వాడే ల్యాప్‌టాప్‌కు ఏటా అప్‌గ్రేడ్ పని పెట్టుకోవడం దేనికి? మీ తమ్ముడికి సాఫ్ట్‌వేర్ పని ఉంటే ఆయన మెషీన్‌లో ఫెడోరా బాగానే ఉంటుంది.

డిస్ట్రో (లినక్స్ రకం) సంగతి కన్నా ముందు ఆ హార్డ్ డిస్క్ సంగతి చూడండి. దాని మీద ఏ లినక్స్ వేసినా నత్తనడకే. 256 జీబీ, 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) ఒకటి కొని పాతదాని స్థానంలో పెట్టించండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అప్పటికప్పుడు బిగించి ఇచ్చే షాపులున్నాయి. తీసిన హార్డ్ డిస్క్‌ను యూఎస్‌బీ కేసులో పెట్టించుకుంటే మీ ఫొటోలు, ఫైళ్ళు ఎక్కడికీ పోవు. కొత్త ఎస్‌ఎస్‌డీ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఎరేజ్ డిస్క్' అని ఎంచుకోవడానికి భయపడక్కర్లేదు. ఆ సమయంలో పాత డిస్క్‌ను మాత్రం తగిలించి ఉంచకండి.

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. మింట్ సైట్ నుంచి దింపుకున్న ఐఎస్‌ఓ ఫైలును బలేనా ఎచర్, రూఫస్ అనే సాధనాల్లో ఒకదానితో దాని మీదికి రాయండి. ఆన్ చేస్తూనే డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 వరుసగా నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఏసర్‌లో కూడా ఎఫ్12నే, కానీ చాలా మోడళ్ళలో ముందు బయోస్‌లోకి (మెషీన్ సొంత సెట్టింగుల తెరలోకి) వెళ్ళి ఆ మెనూను ఎనేబుల్ చేయాలి. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ తెరుచుకోగానే ఇన్‌స్టాల్ నొక్కేయకండి. ఓ అరగంట అలాగే వాడి చూడండి: వైఫై, స్పీకర్లు, కెమెరా, బ్లూటూత్, వెలుతురు తగ్గించి పెంచే కీలు. అన్నిటికన్నా ముఖ్యం, మూత మూసి ఐదు నిమిషాలాగి తెరవండి. తెర మళ్ళీ వెలిగి వైఫై దానంతటదే కలిస్తే మీ మెషీన్‌కు ఆ డిస్ట్రో కుదిరినట్టే. ఇలా పెన్‌డ్రైవ్ నుంచి నడిపే లైవ్‌లో పనిచేయనిది ఇన్‌స్టాల్ అయ్యాక దానంతటదే బాగుపడడం అరుదు. మధ్యలో 'స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎర్రర్' అంటూ వరుసలు పరుగెడితే తప్పు మింట్‌ది కాదు. డౌన్‌లోడ్ పాడై ఉండాలి, లేదా పెన్‌డ్రైవ్ నాసిరకమై ఉండాలి. మింట్ సైట్‌లో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 అనే తనిఖీ సంఖ్యతో ఫైలును సరిచూసి, వేరే పెన్‌డ్రైవ్‌పై మళ్ళీ రాయండి.

ప్రశ్న: మింట్ బాగానే ఎక్కింది గానీ వైఫై గుర్తే కనిపించడం లేదు. డ్రైవర్ దింపుకుందామంటే నెట్ లేదు. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి!
- డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ ఫోనే దారి చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైర్డ్ కనెక్షన్‌గా తీసుకుంటుంది, డ్రైవరేమీ అడగదు. వైరు డేటాను మోసే రకమై ఉండాలి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే వైర్లతో ఫోన్‌లో టెదరింగ్ ఆప్షనే వెలగదు.

నెట్ వచ్చాక మెనూలో 'సిస్టమ్ రిపోర్ట్స్' తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో నెట్‌వర్క్ అన్న భాగం చూడండి. అక్కడ బ్రాడ్‌కామ్ అని ఉంటే 'డ్రైవర్ మేనేజర్' తెరిచి, అది సూచించిన డ్రైవర్‌కు టిక్ పెట్టి, రీస్టార్ట్ చేస్తే పని అయిపోతుంది. రియల్‌టెక్ అని ఉంటే కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) వయసు చూడాలి. ఉదాహరణకు ఆర్‌టీఎల్8821సీఈ అనే చిప్‌కు పాత కెర్నళ్ళలో డ్రైవర్ లేదు, కొత్తవాటిలో ఉంది. అప్‌డేట్ మేనేజర్‌లో 'వ్యూ' కింద 'లినక్స్ కెర్నల్స్' తెరిచి, అక్కడున్న కొత్త వరుసను ఎక్కించండి. పాత కెర్నల్‌ను తీసేయకండి. కొత్తది మొరాయిస్తే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాతదానిలోకి వెళ్ళొచ్చు.

చిప్ పేరు కనిపిస్తూ, డ్రైవరూ ఉండి, వైఫై మాత్రం 'డిసేబుల్డ్' అని ఉంటే అది వేరే కథ. విండోస్ కూడా ఉన్న మెషీనైతే అందులో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, కొన్ని వైఫై కార్డులను సగం నిద్రలో వదిలేస్తుంది. మీ డీ డ్రైవ్ లినక్స్‌లో చదవడానికే తెరుచుకుని, రాయనివ్వకపోవడానికి కూడా మామూలుగా ఇదే కారణం.

ప్రశ్న: లినక్స్ వాడి విండోస్‌లోకి వెళితే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. సరిచేస్తే ఈసారి లినక్స్‌లో తప్పుతోంది.
- ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: సరిగ్గా 5:30 గంటల తేడా ఉందంటే ఏదీ చెడిపోలేదని అర్థం. మదర్‌బోర్డులోని గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తుంది. విండోస్ దాన్ని మన స్థానిక సమయం అనుకుంటుంది. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అని కొట్టండి. ఒకసారి చాలు. ఈ పద్ధతి సరిపడదని లినక్స్ ఒక హెచ్చరిక చూపొచ్చు. వేసవికీ చలికాలానికీ గడియారాలు మార్చుకునే దేశాల్లో వచ్చే చిక్కు గురించే ఆ హెచ్చరిక ఎక్కువగా చెబుతుంది. మన దగ్గర ఆ బెడద లేదు.

ఐదున్నర గంటలు కాకుండా, ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో పాత సంవత్సరం చూపిస్తూ బ్రౌజర్ సైట్లన్నిటికీ సర్టిఫికెట్ తప్పంటుంటే మాత్రం సీఆర్2032 బటన్ బ్యాటరీ అయిపోయినట్టే. అది మార్పించండి.

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేస్తాం. లినక్స్‌కు మారితే మా పాత ఫైళ్ళు తెరుచుకుంటాయా? మాకు అలవాటైన ఆపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక అందులో ఉంటుందా?
- డీటీపీ ఆపరేటర్, చిక్కడపల్లి

జవాబు: మొదటిదానికి లేదని, రెండోదానికి ఉందని సమాధానం. మొదటిది కాస్త వివరంగా చెప్పాలి. అను యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంఖ్య ఉండే పద్ధతి) ఫాంట్ కాదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఉన్న స్థానాల్లో తెలుగు అక్షర ముక్కలను కూర్చిన ఫాంట్ అది. అందుకే ఫాంట్ లేని కంప్యూటర్‌లో మీ శుభలేఖ ఇంగ్లీషు గజిబిజిలా కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌కు లినక్స్ వెర్షన్ లేదు. కాబట్టి పాత పనులు మళ్ళీ మళ్ళీ తీసి దిద్దాల్సి వస్తుంటే ఒక మెషీన్‌ను విండోస్‌తోనే ఉంచండి. నెట్ తీసేసి ఆ ఒక్క పనికే వాడితే చాలు. ఇంకో దారి, 8 జీబీ పైన ర్యామ్ ఉంటే లినక్స్ లోపల వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్ పెట్టుకోవడం. పూర్తయిన పనులన్నిటినీ ఇప్పుడే పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. రేపు ఏ మెషీన్‌లోనైనా కనీసం ప్రింటు తీసుకోవచ్చు.

కొత్త పనులు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. పేజీ అమరికకు స్క్రైబస్ ఉంది. 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి స్థిరమైన విడుదలల్లోనే తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటున్నాయి. పాత 1.4లో ఒత్తులు విడిపోయేవి, అది దొరికినా వాడకండి. ఫాంట్ల కోసం సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా' అనే ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. శీర్షికలకు రామభద్ర, ధూర్జటి, పెద్దన, తిమ్మన, మామూలు పాఠానికి మండలి, సూరన్న, ఎన్‌టీఆర్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అంటే చాలు.

ఇక కీబోర్డు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు టైపింగ్‌కు కావాల్సిన ఐబస్, ఐబస్-ఎం17ఎన్ రెండూ వేయండి. మింట్ మెనూలోని 'ఇన్‌పుట్ మెథడ్'లో ఐబస్‌ను ఎంచుకుని, లాగౌట్ అయి మళ్ళీ లోపలికి రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ మెథడ్ ట్యాబ్‌లో తెలుగు కింద చూస్తే ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన వరుసగా కనిపిస్తాయి. ఆపిల్‌ను చేర్చుకోండి. విండోస్ కీతో పాటు స్పేస్ నొక్కితే ఇంగ్లీషుకూ తెలుగుకూ మారుతుంటుంది.

కొత్తగా యూనికోడ్‌కు వచ్చినవారిని తికమక పెట్టే చోటు ఒకటుంది. 'సాఫ్ట్‌వేర్' అని కొడితే ట కింద వ ఒత్తు చేరి 'సాఫ్ట్వేర్' అవుతుంది. పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే అక్షరం పెట్టాలి. కంట్రోల్, షిఫ్ట్, యు మూడూ కలిపి నొక్కి వదిలి, 200సి అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి.  లిబ్రే ఆఫీస్‌లో ముందు టూల్స్, ఆప్షన్స్‌లో భాషల దగ్గర 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్'కు టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. ఆ టిక్ లేకపోతే తెలుగుకు వేరుగా ఫాంట్ పెట్టుకునే చోటు కూడా కనిపించదు. ఎన్ని ఫాంట్లు మార్చినా కొత్త పేజీ తెరవగానే పాత ఫాంటే వస్తోందని చాలామంది విసుక్కునేది ఇందుకే.

తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం మన నగరంలోనే స్వేచ్ఛ సంస్థ ఏళ్ళుగా పనిచేస్తోంది. డెబియన్ అనే లినక్స్ రకం పునాదిగా తెలుగు లినక్స్‌ను కూడా వాళ్ళు తయారుచేశారు. ఇలాంటి సందేహాలకు వారిని కలవడం మంచిది.

ప్రశ్న: బీటెక్ చదువుతున్నాను. ఆర్‌టీఎక్స్ 3050 ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్. ఎన్‌విడియా డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేశాక ఏదో నీలం తెర వచ్చి పోయింది. డ్రైవర్ మాత్రం పనిచేయడం లేదు.
- ఇంజనీరింగ్ విద్యార్థి, ఘట్‌కేసర్

జవాబు: ఆ నీలం తెర పది సెకన్లే ఉంటుంది, మీరు దాన్ని వదిలేశారు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ను కెర్నల్ లోపలికి రానివ్వదు. మీ మెషీన్‌లో తయారైన ఎన్‌విడియా డ్రైవర్‌కు మీ మెషీనే సంతకం పెడుతుంది, ఆ సంతకాన్ని మీరు ఒప్పుకోవాలి. అందుకే ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ అడిగింది. డ్రైవర్‌ను తీసేసి మళ్ళీ వేయండి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్‌లో నీలం తెర రాగానే ఏదో ఒక కీ నొక్కి, 'ఎన్‌రోల్ ఎంఓకే', 'కంటిన్యూ', 'యస్' అంటూ వెళ్ళి ఆ పాస్‌వర్డ్ కొట్టి, రీబూట్ చేయండి. లోపలికి వచ్చాక టెర్మినల్‌లో 'ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ' కొడితే కార్డు పేరు, డ్రైవర్ సంఖ్య ఉన్న పట్టిక రావాలి. డ్రైవర్ మళ్ళీ వేసినా పాస్‌వర్డ్ అడగకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయడం ఒక దారి. విండోస్ కూడా ఉంటే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ దాచుకోండి. లేదంటే విండోస్ తెరిచేటప్పుడు ఆ 48 అంకెలు అడిగి కూర్చుంటుంది.

నల్ల తెర వచ్చిన రోజున గ్రబ్ మెనూలో (లినక్స్ తెరుచుకునే ముందు వచ్చే ఎంపికల తెర) ఇ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర 'నోమోడ్‌సెట్' చేర్చి, ఎఫ్10 నొక్కండి. ఇది లోపలికి వెళ్ళి డ్రైవర్ సరిచేసుకోవడానికి ఒక్కసారి వాడేది. శాశ్వతంగా ఉంచితే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ కూడా ఆగిపోయి, తెర మసకబారి, వెలుతురు కీలు పనిచేయవు.

ప్రశ్న: గాలివానకు కరెంటు పోయింది, యూపీఎస్ లేదు. మళ్ళీ ఆన్ చేస్తే నల్ల తెర మీద 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అని వచ్చి ఆగిపోతోంది. ఫార్మాట్ చేయాల్సిందే అంటున్నారు.
- స్టేషనరీ షాపు యజమాని, ఉప్పల్

జవాబు: ఫార్మాట్ చేయకండి. రాస్తుండగా కరెంటు పోవడంతో ఫైల్ సిస్టమ్‌లో లెక్కలు తప్పాయి. చిన్న తేడాలను లినక్స్ తనే దిద్దుకుంటుంది, పెద్దవాటికి మీ అనుమతి కోసం ఆగుతుంది. ముందు 'ఎగ్జిట్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఏ పార్టిషన్‌కు (డిస్క్‌లోని భాగానికి) ఎఫ్‌ఎస్‌సీకే అనే మరమ్మతు కమాండ్ అవసరమో ఆ పేరు అక్కడే చూపిస్తుంది. అది ఎస్‌డీఏ2 అనుకుంటే, 'ఎఫ్‌ఎస్‌సీకే', ఖాళీ, హైఫన్ వై, ఖాళీ, '/డెవ్/ఎస్‌డీఏ2' అని కొట్టండి. కొన్ని నిమిషాల పాటు వరుసలు వస్తాయి. చివర 'ఫైల్ సిస్టమ్ వాజ్ మాడిఫైడ్' అని రాగానే మళ్ళీ 'ఎగ్జిట్' కొట్టండి. మామూలుగా తెరుచుకుంటుంది. పేరు తెలియని ముక్కలేవైనా దొరికితే 'లాస్ట్+ఫౌండ్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి.

'ఎగ్జిట్' కొట్టినప్పుడు పార్టిషన్ పేరుకు బదులు 'యూయూఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అంటే ఎఫ్‌ఎస్‌సీకే పనికిరాదు. డిస్కే కనబడడం లేదని అర్థం. మెషీన్ ఆపి, ప్లగ్ తీసి, సాటా కేబుల్ రెండు చివర్లూ ఊడదీసి మళ్ళీ బిగించండి. డిస్క్ టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం ఏమీ చేయకుండా ముందు డేటాను వేరే డిస్క్‌కు తీయించండి. చచ్చిపోతున్న డిస్క్ మీద ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే ఉన్నది కూడా పోవచ్చు.

తెరుచుకున్నాక 'డిస్క్స్' అనే అప్లికేషన్‌లో స్మార్ట్ డేటా (డిస్క్ ఆరోగ్యం లెక్కలు) చూడండి. 'కరెంట్ పెండింగ్ సెక్టార్', 'రీఅలొకేటెడ్ సెక్టార్' సున్నా కాకుండా పెరుగుతుంటే డిస్క్ మార్చండి. 'సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్' ఒక్కటే పెరుగుతుంటే కొత్త సాటా కేబుల్‌తో సరిపోతుంది. మామూలు డెస్క్‌టాప్‌కు 600 వీఏ యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా సరిగ్గా షట్‌డౌన్ చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

ప్రశ్న: అమీర్‌పేటలో లినక్స్ అడ్మిన్ కోర్సులో చేరాను. రెడ్ హ్యాట్ కంపెనీ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష రాయాలి. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో సెంటాస్ 7 అనే లినక్స్ వేసుకోమని సీనియర్ నోట్సులో ఉంది.
- ఉద్యోగార్థి, ఎర్రగడ్డ

జవాబు: వద్దు. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో కాలం చెల్లింది. ప్యాకేజీలు అందించే పాత చిరునామాలు కూడా పనిచేయక, ప్యాకేజీలు దింపే యమ్ కమాండ్ కొట్టగానే 'కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్' అంటుంది. మీరు ఏ వెర్షన్ మీద పరీక్ష రాస్తారో తెలుసుకుని సరిగ్గా అదే వెర్షన్ మీద సాధన చేయండి. రెడ్ హ్యాట్ డెవలపర్ ఖాతా తెరిస్తే వ్యక్తిగతంగా 16 మెషీన్ల వరకు అసలు ఆర్‌హెచ్‌ఈఎల్‌నే (రెడ్ హ్యాట్ వారి లినక్స్) ఉచితంగా వాడుకోవచ్చు. అది వద్దనుకుంటే దాన్ని పోలిన ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ ఉన్నాయి.

రోజువారీ పనికి ఇప్పుడున్నదే ఉంచి, సాధన అంతా వర్చువల్ మెషీన్లలో చేయండి. రెండు మెషీన్లు, ఒక్కోదానికి 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్, ఎల్‌వీఎం (డిస్కుల చోటును కలిపి పంచుకునే పద్ధతి) సాధనకు 5 జీబీ ఖాళీ డిస్కులు రెండు అదనంగా. పాడుచేసి మళ్ళీ నిలబెట్టడంలోనే ఈ విద్య పట్టుబడుతుంది కాబట్టి మొదట్లోనే స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి నకలు) తీసి ఉంచుకోండి.

ఒక జాగ్రత్త. ఆర్‌హెచ్‌ఈఎల్ 9కు ఎక్స్86-64-వీ2 స్థాయి ప్రాసెసర్ కావాలి, 10కి వీ3 స్థాయి కావాలి, అంటే ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే సౌకర్యం ఉండాలి. ఇంటెల్‌లో నాలుగో తరం ఐ3, ఐ5, ఐ7 నుంచి అది ఉంది. ఆ కాలపు పెంటియం, సెలరాన్‌లలో లేదు. టెర్మినల్‌లో 'ఎల్‌ఎస్‌సీపీయూ' కొట్టి ఫ్లాగ్స్ వరుసలో ఏవీఎక్స్2 కోసం చూడండి. లేకపోతే ఆల్మాలినక్స్ 10లో వీ2 కోసం వేరే బిల్డ్ ఉంది. ప్రాసెసర్ కొత్తదే అయినా వర్చువల్ మెషీన్ 'ఫేటల్ జీలిబ్‌సీ ఎర్రర్' అని పడిపోతే, వర్చువల్ మెషీన్లు నడిపే వర్ట్-మేనేజర్‌లో సీపీయూ మోడల్‌ను 'హోస్ట్-పాస్‌త్రూ'కు మార్చండి.

ప్రశ్న: పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా మళ్ళీ లాగిన్ తెరే వస్తోంది. మింట్ వేసి ఏడాదైంది.
- ఉపాధ్యాయుడు, మెహిదీపట్నం

జవాబు: డిస్క్ నిండి ఉండే అవకాశం ఎక్కువ. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి, నల్ల తెరలో పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్ళి 'డీఎఫ్ -హెచ్' కొట్టండి. రూట్ (/ గుర్తు ఉన్న వరుస) దగ్గర 100 శాతం ఉంటే మొదట 'సుడో ఆప్ట్ క్లీన్' నడపండి. తర్వాత 'సుడో టైమ్‌షిఫ్ట్ --డిలీట్' అంటే పాత స్నాప్‌షాట్ల జాబితా వస్తుంది. అన్నిటికన్నా పాతవి రెండు మూడు తీసేసి రీబూట్ చేయండి. లోపలికి వచ్చాక టైమ్‌షిఫ్ట్ సెట్టింగుల్లో రోజువారీవి రెండు, వారానివి ఒకటి మించకుండా పెట్టండి. డిస్క్‌లో చోటుండి కూడా ఇదే తంతు అయితే, హోమ్ ఫోల్డర్‌లోని 'డాట్ ఎక్స్అథారిటీ' ఫైలు (ఇందులో ఎక్స్ మాత్రం పెద్ద అక్షరం) ఎవరి పేరు మీద ఉందో చూడండి. రూట్ (అడ్మిన్) పేరు మీద ఉంటే దాన్ని సుడోతో (అడ్మిన్ అనుమతితో) తొలగిస్తే సరిపోతుంది, లాగిన్‌లో కొత్తది తయారవుతుంది.

ప్రశ్న: జిరాక్స్ సెంటర్‌కు లినక్స్ పెడదామనుకుంటున్నాం. క్యానన్ ఎల్‌బీపీ 2900బీ, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్లస్ ఉన్నాయి. ట్యాలీ కూడా కావాలి.
- జిరాక్స్ సెంటర్ నిర్వాహకుడు, విద్యానగర్

జవాబు: ట్యాలీ విండోస్ సాఫ్ట్‌వేర్. లెక్కల మెషీన్‌ను అలాగే ఉంచండి, ప్రయోగాలు వద్దు.

హెచ్‌పీ 1020 ప్లస్ బాగా నడుస్తుంది, ఒక మెలికతో. ఈ ప్రింటర్ తన ఫర్మ్‌వేర్‌ను (లోపల నడిచే ప్రోగ్రామ్‌ను) దాచుకోదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ పంపాలి. హెచ్‌పీ ప్రింటర్లకు వాడే హెచ్‌పీలిప్ సాఫ్ట్‌వేర్ వేశాక 'హెచ్‌పీ-ప్లగిన్' అనే కమాండ్ నడిపి ప్లగిన్ దింపుకోకపోతే, ప్రింటర్ కనిపిస్తుంది గానీ కాగితం కదలదు. హెచ్‌పీలిప్ కొత్త వెర్షన్‌కు అప్‌డేట్ అయినప్పుడు ప్లగిన్ కూడా మళ్ళీ దింపుకోవాలి. నిన్నటిదాకా బాగున్నది ఇవాళ ఆగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఎల్‌బీపీ 2900బీతోనే కష్టం. అది పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ అనే మామూలు ప్రింటర్ భాషలు తెలియని ప్రింటర్, క్యానన్ సొంత క్యాప్ట్ భాష మాత్రమే దానికి అర్థమవుతుంది. లినక్స్‌కు క్యానన్ ఇచ్చిన క్యాప్ట్ డ్రైవర్ బాగా పాతది. వెనక నడిచే సీసీపీడీ సేవ ఆగిపోయి, క్యూలో పనులు పేరుకుపోతుంటాయి. కౌంటర్ ముందు జనం నిలబడే చోట దాని మీద ఆధారపడకండి. దాన్ని ట్యాలీ ఉన్న విండోస్ మెషీన్‌కే తగిలించండి. లినక్స్ మెషీన్ నుంచి పీడీఎఫ్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో వేసి అక్కడి నుంచి ప్రింటు తీసుకోండి. ఈసారి ప్రింటర్ కొనేటప్పుడు పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ గుర్తు ఉందేమో చూడండి. అది ఉన్నవి నెట్‌వర్క్‌లో కలిపితే మింట్‌లోనూ ఉబుంటులోనూ మామూలుగా వేరే డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి.